తిప్పి పెట్టిన ట్రే

నాకు అన్నిటికంటే భయం ఒకటే. నేను పక్కన లేనప్పుడు పాపకు ఏదో అవుతుంది, ఆ కబురు నాకు ఆలస్యంగా చేరుతుంది. అందుకే అది నిద్రపోతున్నా సరే, ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. "హాయిగా పడుకున్న పిల్లని లేపి ఏడిపించడం నీకే చెల్లింది" అంటుంది మా అత్తయ్య.

ఆ భయం ఒకసారి నిజమైంది. నిజం చేసింది మా బీరు మాస్టారు.

నేను పనిచేసే పబ్బులో బీరు అక్కడే కాస్తారు. వెనక గదిలో మనిషెత్తు స్టీలు ట్యాంకులు, వాటి మధ్య మాస్టారి రాజ్యం. నెలకో ఆదివారం మధ్యాహ్నం రుచుల పూట ఉంటుంది. పది గుంటలు చెక్కిన పొడుగాటి చెక్క ట్రేలో పది చిన్న గ్లాసులు పెట్టి ఇస్తాం. ఎడమ చివర గోధుమ బీరు, చాలా తేలిక. తర్వాత తేనెది, నారింజ తొక్కది, అల్లంది... అలా చిక్కబడుతూ పోయి, కుడి చివర కాటుకలా నల్లటి చేదు బీరు. ఎప్పుడూ ఎడమ నుంచే మొదలుపెట్టాలి. చేదు ముందు తగిలిందా, నాలుక మొద్దుబారిపోతుంది. ఇక తేలికవన్నీ నీళ్ళే. అందుకే కొత్తగా చేరినవాళ్ళకి మాస్టారు మొదట నేర్పే పాఠం ఇది: "ఎదురుగా నిలబడి పెడతావు కాబట్టి నీ ఎడమ కాదు, తాగేవాళ్ళ ఎడమ చూసుకో."

అయిదు నెలల కిందట అలాంటి ఒక ఆదివారం, పాపకు ఒళ్ళు కాలిపోతోందని అత్తయ్య పబ్బుకు ఫోను చేసింది. రుచుల పూట మా ఫోన్లన్నీ ఒక డబ్బాలో పెట్టించేవాడు మాస్టారు. ఆ ఫోను ఎత్తింది కూడా ఆయనే. "చెప్తాలెండి" అని పెట్టేశాడు. గంటన్నర తర్వాత, ఆఖరి ట్రే నేను కడుగుతుంటే, చేతులు తుడుచుకుంటూ వచ్చి అన్నాడు: "అవునమ్మాయ్, మీ ఇంటి నుంచి ఫోను. పిల్లకి ఒంట్లో బాగాలేదట."

అప్పటికే పాపకు ఫిట్స్ వచ్చాయి. మోకాళ్ళ నొప్పుల అత్తయ్య దాన్ని భుజాన వేసుకుని మూడు వీధులు పరిగెత్తింది. పాప దక్కింది. మర్నాడు నేను అడిగాను, "వెంటనే ఎందుకు చెప్పలేదు మాస్టారూ?" అని.

"చెప్తే ట్రేలన్నీ వదిలి పరిగెత్తేదానివి. పోయి నువ్వేం చేసేదానివమ్మా? నువ్వేమన్నా డాక్టరువా? ఎనిమిదో తరగతి!"

చదువు మధ్యలో మాన్పించినందుకు నేను మా నాన్న మీద కూడా అంత మండిపడలేదు. ఆ మాట కడుపులో పెట్టుకున్నాను. గ్లాసులు కడిగినప్పుడల్లా దాన్ని కూడా కడిగి మెరిపించుకున్నాను.

మొన్న ఆదివారానికి పబ్బు పెట్టి పదేళ్ళు నిండాయి. హాలు నిండా జనం. పబ్బు ఓనరు మా మేడమ్ సరదాగా, "కళ్ళు మూసుకుంటే మీ బీర్లు మీరైనా పోల్చగలరా?" అనగానే మాస్టారు లేచి నిలబడ్డాడు.

"కళ్ళకు గంతలు కట్టండి. పదీ నేను కాచినవే. ఒక్కటి తప్పు చెప్పినా ఈ ఆప్రాను ఇక్కడ పెట్టి పోతాను. మళ్ళీ ఈ గడప తొక్కను."

"అంతంత మాటలెందుకు మాస్టారూ?" అంది మేడమ్.

"అన్నానంటే అన్నట్టే." గంతలు కడుతుంటే నా వైపు తిరిగాడు. "ఏమ్మా, ట్రే నువ్వే పట్రా. పిల్లకి జలుబూ గిలుబూ లేవు కదా, మధ్యలో పరిగెత్తకుండా!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ట్రే తెచ్చాను. నా ఎడమే ఎడమ అనుకుని పెట్టాను.

మొదటి గ్లాసు ముక్కు దగ్గరకు రాగానే ఆయన చెయ్యి ఆగింది. తెలిసిపోయింది. మేడమ్ కూడా చూసింది. "అయ్యో, చివరి నుంచి వచ్చింది. తిప్పించనా మాస్టారూ?"

ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ హాలంతా చూస్తోంది కదా.

"అక్కర్లేదు. నా నాలుకకి మొదలూ చివరా ఒకటే."

చప్పట్లు. నల్లటిది చెప్పాడు, కాఫీ గింజలది చెప్పాడు, పొగ వాసనది చెప్పాడు. మధ్యలో పుక్కిలించడానికి నీళ్ళిస్తే పక్కకు నెట్టాడు. ఆరోదానికి కాసేపు ఆగి, అది కూడా చెప్పాడు. ఏడోది తాగి "నారింజ" అన్నాడు.

"అల్లం, మాస్టారూ" అంది మేడమ్, మెల్లగా.

అక్కడైనా ఆగొచ్చు. ఆగలేదు. ఎనిమిదీ తప్పే, తొమ్మిదీ తప్పే. పదోది గోధుమ బీరు, ఆయన చేతి కింద మొట్టమొదట కాగింది. గుటక వేసి గట్టిగా అరిచాడు: "ఇది బీరు కాదు, నీళ్ళు! ఎవరో నీళ్ళు పోశారు!"

హాలు గొల్లుమంది. గంతలు లాగి ట్రే చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను కళ్ళు దించలేదు. ఆయనకు మాత్రమే వినబడేలా అన్నాను: "నాలుక మొద్దుబారితే మీరేం చేస్తారులెండి. మీరేమన్నా డాక్టరా?"

ఆప్రాను విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రోజు పాపకు అన్నం పెడుతూ నేను కూడా కడుపు నిండా తిన్నాను, అయిదు నెలల తర్వాత.

మాస్టారు ఉండేది మా వీధి చివర, దర్జీ కొట్టు పైగదిలో. ఒంటరి మనిషి. ఇవాళ బుధవారం. గుమ్మంలో మూడు పాల పాకెట్లు అలాగే పడి ఉన్నాయి. పట్టపగలు కూడా లైటు వెలుగుతూనే ఉంది. దర్జీ కొట్టు మూసేసి ఊరెళ్ళాడు.

"నీ పగ తీరిందిగా. ఇంకా ఆ కిటికీ దగ్గర ఏం పనే నీకు?" అంటోంది అత్తయ్య.

జాలి కాదు. మళ్ళీ ఆదివారం వస్తే మళ్ళీ ట్రే తిప్పే పెడతాను. కానీ ఆ మెట్లు ఎక్కడానికి నాకు కాళ్ళు రావడం లేదు. నన్ను చూస్తే ఆయన తలుపు తియ్యడు కూడా. మీలో ఎవరైనా అటువైపు వెళ్తే, పైకెక్కి ఒకసారి తలుపు తట్టండి. తియ్యకపోతే నెట్టండి. మనిషి పడుకుని ఉంటే ముక్కు కింద వేలు పెట్టి చూడండి. ఏ సంగతైనా సరే, వెంటనే వచ్చి నాకు చెప్పండి. గంటన్నర మీ దగ్గర పెట్టుకోకండి.