చప్పిడి మెతుకులు

మధ్యాహ్నం బస్సుకు మద్రాసు పోయి, అక్కడ విమానం ఎక్కి మస్కట్ చేరవలసిన క్రీస్తురాజు, పొద్దున్నే కెజియా వాకిట్లో ప్రత్యక్షమయ్యాడు. ముందురోజు సాయంత్రం ఆమె దగ్గర నుంచి పట్టుకుపోయిన రవ్వ పొట్లాన్ని తెచ్చి అరుగు మీద పెట్టాడు. పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అక్కా, తప్పుగా అనుకోబాకు. నీ రవ్వ కంపు కొడతా ఉండాది. బ్యాగులో గుడ్డలన్నిటికీ అంటుకున్యాది. ఎయిర్‌పోర్టులో విప్పించినారంటే నా పరువు పోద్ది."

"బియ్యపు రవ్వ కంపు కొట్టేదేందిరా రాజూ? నీకేమన్నా జలుబు చేసిందా?"

"జలుబు చేస్తే వాసనే తెలీదు గదక్కా," అన్నాడు వాడు, న్యాయంగానే.

కెజియాకు ఒళ్ళు మండింది. ఆ రవ్వ ఊరికే వచ్చిందా? బియ్యం కడిగి, నీడన ఆరబోసి, కోట ఊళ్ళో మిల్లుకు మోసుకుపోయి ఆడించుకొచ్చి, దోరగా వేయించి కట్టిన పొట్లం. మస్కట్‌లో డ్యూటీ నుంచి వచ్చిన మొగుడు నీళ్ళు మరిగించి పోసుకుంటే చాలు, ఉప్పిండి అయిపోవాలని ఆమె తాపత్రయం. దానికి కంపంటాడేమిటి ఈ పెద్దమనిషి! పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆమెకు ఏ వాసనా రాలేదు. వస్తే ఆశ్చర్యపోవాలి. అత్త పరంజ్యోతి ఒడ్డున చేపలు ఎండబెట్టి కోట సంతలో అమ్ముకునే మనిషి. ఆ ఇంట్లో గోడలకూ, దుప్పట్లకూ, దేవుని వాక్యం రాసిన క్యాలెండరుకూ అదే వాసన. ఆ ఇంటి ముక్కులు ఎండుచేప వాసనను పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి.

అయినా తాడు విప్పింది. రవ్వలో చెయ్యి పెట్టింది. అడుగున కవరు తగిలింది. కవరులో కవరు, దానిలో ఇంకో కవరు. లోపల ఉప్పు మెరుస్తున్న చేప ముక్కలు, ఒక పక్కన గుప్పెడు ఎండ్రొయ్యలు.

కెజియా ఒక్కొక్క ముక్కా తీసి ముందు పరుచుకుంది.

గిద్యోను ఆమె మొగుడు. కృష్ణపట్నం పోర్టులో క్రేను తోలి, అదే పని మీద మస్కట్ పోయాడు. పోయినచోట తల తిరిగి పడితే పరీక్షలు చేశారు. బీపీ ఎప్పటినుంచో ఉందట, మనిషికి తెలియనే లేదట, అది తిన్నగా మూత్రపిండాలను పట్టిందట. మందులు వేసుకుంటూ, నోరు కట్టుకుని, చప్పిడి కూడు తింటే ఉన్నవి నిలబడతాయి, లేకపోతే మిషను మీద పెట్టి రక్తం కడగవలసిందే అని అక్కడి డాక్టరు హిందీలో చెప్పి, గిద్యోను చేత ఇంటికి ఫోను చేయించి మళ్ళీ చెప్పించాడు. ఉప్పు లేదు, ఊరగాయ లేదు, అప్పడం లేదు, ఎండుచేప అన్న మాటే ఎత్తగూడదు. ఇంటికి వచ్చెయ్యమని కెజియా ఏడ్చింది. కాంట్రాక్టు అయ్యేదాకా పంపేది లేదంది కంపెనీ. గోరుచుట్టు మీద రోకటిపోటు.

మిషనంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. పక్కవీధి చెంచయ్యను చూసింది. వారం వారం నెల్లూరికి ఎక్కించుకుపోవడం, దించుకురావడం. తాగే నీళ్ళు గుక్కలు లెక్కపెట్టి ఇచ్చేవాళ్ళు. కాళ్ళకు నీరు పట్టి, వేలితో నొక్కితే పడ్డ గుంట లేచేది కాదు. బోటు ఒంటిచేత్తో నెట్టిన మనిషి, చివరికి మంచినీళ్ళ కోసం పెళ్ళాం కాళ్ళు పట్టుకున్నాడు. పోయిన వానల్లో పోయాడు.

అందుకని కెజియా కొంగు బిగించింది. అన్నానికి ఎసరు ఎంతో తెలియని మగవాడికి సముద్రానికి ఆవలి ఒడ్డున వంట నేర్పడమంటే మాటలా! శుక్రవారం శుక్రవారం వాళ్ళకు సెలవు. ఆ రోజు ఫోను గూట్లో నిలబెట్టి, ఇక్కడ తన పొయ్యి ముందు తనూ, అక్కడ తన పొయ్యి ముందు అతనూ. సొరకాయ చెక్కు తియ్యి, ఉడికించిన నీళ్ళు పారబొయ్యి, అన్నం గంజి వార్చు. తాలింపులో వెల్లుల్లి దండిగా కొట్టెయ్యి, జీలకర్ర వెయ్యి, దించినాక నిమ్మకాయ పిండు, ఉప్పు లేని సంగతి నాలుకకు తెలీకుండా మాయ చెయ్యాల. నెలల తరబడి ఇదే పాఠం. అతను కలిపేవాడు, మూత తీసి చూపేవాడు, బాగుందే అనేవాడు. రాత్రి పడుకునేముందు ఆమె ఆ ఒక్కమాట తలచుకుని దేవునికి స్తోత్రం చెప్పుకునేది.

"రాజూ, నిజం చెప్పు. నువ్వు ఆయన రూముకు పోతుంటావు గదా. ఆడ ఏం తింటుండాడు?"

క్రీస్తురాజు నేల చూపులు చూశాడు. "నాకేం తెలుసక్కా. ఆ రూములో కాలు పెడితే మాత్రం మన ఊళ్ళోకి వచ్చినట్టే ఉంటాది. ఇదే వాసన." ఆ మాట అని, బస్సుకు టైమవుతుందని గబగబా పోయాడు.

పరంజ్యోతి తట్ట నెత్తిన పెట్టుకుని ఒడ్డు నుంచి వచ్చేసరికి, కోడలు వాకిట్లో చేప ముక్కలు పరిచి కూర్చుని ఉంది. ముసలామెకు సంగతి అర్థమైంది. అయినా బెదరలేదు. తట్ట దించి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకుంది.

"నేనే పెట్టినా. ఏం, నా బిడ్డకు నేను పెట్టుకోగూడదా?"

"ఎన్నిసార్లు పెట్టినావు అత్తా?"

"ఎవరి చేతికిచ్చి పంపినా, నువ్వు పొట్లం కట్టినప్పుడల్లా పెట్టినా. వాడే అడిగినాడు. చప్పిడి కూడు గొంతు దిగడం లేదమ్మా, చచ్చిపోతుండా అన్నాడు. ఆకలని అడిగిన బిడ్డకు లేదని చెప్పమంటావా?"

"డాక్టరు చెప్పింది నీ చెవిన కూడా పడింది గదా!"

"ఆ దేశపోడికి మన చేప సంగతి ఏం తెలుసు? ఉప్పు పొయ్యేదాకా మూడు నీళ్ళు కడిగినా. పాస్టరమ్మ దగ్గరికి తీసుకుపోయి, సంగతి చెప్పకుండా చెయ్యి పెట్టించి, ప్రార్థన చేయించి మరీ కట్టినా. ప్రార్థన చేసిన తిండి చెరుపు చేస్తాదా? ప్రభువు శిష్యులకు ఒడ్డున నిప్పులు రాజేసి చేపలే గదా పెట్టినాడు?"

"పెట్టినాడు. ఉప్పు పూసి ఎండబెట్టి పెట్టలేదు అత్తా!"

పరంజ్యోతి ఎప్పుడూ చేసే పనే చేసింది, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుపు మొదలుపెట్టింది. కెజియా ఓదార్చలేదు. ఆమెకు అత్త మీద కోపం కంటే మొగుడి మీద కోపం ఎక్కువగా ఉంది, దానికంటే భయం ఎక్కువగా ఉంది. లోపలికి పోయి గిన్నె ఎత్తి పొయ్యి మీద కుదేసింది. అత్త మీద కోపం దుత్త మీద అంటారే, అదే. సొరకాయ తరిగింది, పెసరపప్పు గుప్పెడు పోసింది, ఉప్పు డబ్బా వైపు చూడకుండా వండింది. శుక్రవారం కదా, వంట పూర్తయ్యే వేళకు ఫోను మోగింది.

గిద్యోను నవ్వుతున్నాడు. ముఖం ఉబ్బినట్టుంది. ఇన్నాళ్ళూ ఆమె అది ఫోను గొప్పతనం అనుకుంది, మనిషి కాస్త ఒళ్ళు చేశాడనుకుంది. ఎంత వెర్రిది!

"ఏమే, నువ్వు చెప్పకముందే వండేసినా చూడు. సొరకాయే. వాసన అదిరిపోతుండాది."

"తిను."

"తింటాలే, కాసేపాగి."

"ఇప్పుడు తిను. నేను చూడాల."

అతను ఏదో అనబోయేంతలో వెనక నుంచి రూములో ఉండే మనిషి ఒకడు పళ్ళెం పట్టుకొచ్చాడు. అలవాటైన ఇంట్లో వడ్డించుకున్నట్టు గరిటెతో సొరకాయ వేసుకుని, గిద్యోను భుజం తట్టి, చక్కా పోయాడు. కెజియా చూస్తూ ఉండిపోయింది. గిద్యోను నవ్వు ఆగిపోయింది.

"నేను నేర్పిన వంటంతా ఆయన తింటుండాడా?"

అతను గిన్నె మీద మూత పెట్టేశాడు.

"పొట్లం పట్టుబడిందయ్యా. రాజు తెచ్చి ఇచ్చేసినాడు. నీకు సిగ్గు లేదా? నేను ఈడ పొయ్యి ముందు నిలబడి నోరు పడిపొయ్యేటట్టు చెప్తుంటే, నువ్వు కెమెరాకు వండి, చాటున ఉప్పుచేప నంజుకుంటుండావా? నాతో ఎకసెక్కాలా? ఎవరి ప్రాణంతో ఆడుకుంటుండావు?"

"తిట్టు. తిట్టించుకోవాల్సిందే," అన్నాడు అతను. "నేను తిందామనే చూసినానే. ఒక వారం తిన్నా. నోట్లో పెట్టుకుంటే నేనెవరో నాకే తెలీకుండా పోతుండాది. పొద్దంతా ఇనుము, ఎండ, ఒకరి భాష ఒకరికి తెలీదు. రూముకొచ్చి ఆ ఒక్క ముక్క నిప్పు మీద కాలిస్తే, అది కాలే వాసనకు మనిల్లు కనపడతాది. అమ్మ కనపడతాది. దానికోసం ఎదురుచూసి బతుకుతుండా."

కెజియాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆ మాట ఇంకో రోజు చెప్పి ఉంటే కరిగిపోయేదే. ఇవాళ ఆమె కరగదలుచుకోలేదు.

"పోయిన వారం రక్తపరీక్ష గదా. ఏమన్నాడు డాక్టరు?"

"బాగానే ఉండాదన్నాడు."

"గిద్యోనూ!"

పెళ్ళైనాక ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. అతను కళ్ళు దించుకున్నాడు.

"రోగం పెరిగిందంట. ఇంకోసారి చూసి, తగ్గకపోతే చేతిలో నరాలు కలిపే ఆపరేషన్ చెయ్యాలన్నాడు. మిషనుకు."

గుమ్మంలో చప్పుడైంది. పరంజ్యోతి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటినుంచి వింటున్నదో ఏమో. చెంచయ్య శవానికి నీళ్ళు పోసినవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఆ శవం చేతిలో మిషను సూదులకు తాడులా ఉబ్బిన నరం ఆమె చూసినదే. తలుపు వదిలి, గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. కోడలి చేతిలోంచి ఫోను లాక్కోలేదు, కొడుకును పలకరించలేదు. పొయ్యి దగ్గరికి పోయి పళ్ళెంలో ఇంత అన్నం పెట్టుకుని, సొరకాయ పప్పు పోసుకుని, ఫోనుకు ఎదురుగా చతికిలబడింది.

"అత్తా, దాంట్లో ఉప్పు లేదు," అంది కెజియా.

"తెలుసులే."

మజ్జిగలో కూడా గల్లుప్పు వేసుకుని తాగే మనిషి. ఉప్పు చాలలేదని పెళ్ళి భోజనాల్లో నలుగురిలో అడిగి వేయించుకునే మనిషి. ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమిలింది. గొంతు దిగలేదు. ఓకరింత వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్ళ నీళ్ళు కారుతుండగా బలవంతాన మింగింది.

"అమ్మా, నువ్వెందుకమ్మా!" అన్నాడు గిద్యోను.

"నోరు ముయ్యి. పళ్ళెం తెచ్చుకో."

"ఎట్టుండాదమ్మా?"

"గడ్డి మాదిరుండాది. గడ్డే అనుకుని తిను. నా చేత్తో నీకు ఇన్నాళ్ళూ ఏం పెట్టినానో ఇప్పుడు తెలిసింది నాకు. నీ ఒంట్లో ఆ రోగం ఉన్నంతకాలం నేనూ ఉప్పు ముట్టను. ఈడ నేను తింటా, ఆడ నువ్వు తిను. నువ్వు తినడం ఆపితే నేనూ తినడం ఆపేస్తా. అంతే."

గిద్యోను లేచిపోయి, గిన్నె అడుగున మిగిలింది పళ్ళెంలో ఊడ్చుకొచ్చాడు. ముద్ద పెట్టుకున్నాడు. నమలకుండా మింగడం కెజియాకు కనపడింది. అడగాలా వద్దా అని తటపటాయించి, అడగకుండా ఉండలేక అడిగేసింది.

"కాళ్ళు చూపించు."

"ఎందుకే ఇప్పుడు?"

"చూపించు."

అతను ఫోను కిందికి వంచాడు. పాదాలు నిగనిగలాడుతూ, చీలమండలు ఎక్కడున్నాయో తెలియకుండా నిండిపోయి ఉన్నాయి.

"వేలితో నొక్కు."

నొక్కాడు. వేలు తీశాడు. పాదం మీద గుంట అలాగే ఉండిపోయింది. కెజియా అది పైకి లేస్తుందేమోనని చూసింది. లేవలేదు. పరంజ్యోతి కూడా చూసింది. కళ్ళు ఫోను మీదే ఉంచి, ఇంకో ముద్ద కలిపింది.

"తినరా నాయనా," అంది. "తిను."