మైనం గట్టిపడేదాకా

సోమవారం పొద్దున సంగీతం గదిలో వరసగా కంప్యూటర్లు ఉన్నాయి. వీణ లేదు.

"మేడ మీద రేకుల షెడ్డులో ఉండాది టీచరమ్మా," అన్నాడు అటెండరు చెన్నరాయప్ప. "శనివారమే మోయించినారు. ఆడ పెడితే నా తలకాయే ఉడికిపోతాదప్పా అంటిని. నీ తలకాయ సంగతి తర్వాత, ముందు సామాను మొయ్యి అనిరి."

బెంగళూరులో ఎండలేముంటాయని అంటారు. అలా అనేవాళ్ళు ఏప్రిల్లో రేకుల కింద నిలబడి చూడాలి.

వీణ రెగ్జిన్ సంచిలో, విరిగిన బెంచీల మీద ఉంది. జిప్పు తీయగానే సెగ ముఖానికి కొట్టింది. వీణకు తీగల కింద వరసగా ఉండే మెట్లు నిలబడేది మైనం మీదే. మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది, జరిగిన మెట్టు మీద స్వరం తప్పుతుంది. గోరు ఆనించాను. దిగింది. చివరి మెట్లు రెండు అప్పటికే పక్కకు ఒరిగాయి.

ఆ మెట్లు నిలబెట్టింది నా భర్త గిరిధర్. ఈ స్కూల్లోనే సంగీతం చెప్పేవారు. తీగ మీటి, విని, వెంట్రుకవాసి జరిపి, మళ్ళీ విని, అప్పుడు బొటనవేలితో మైనం అదిమేవారు. ఆ వేలి గుర్తులు ఇంకా ఉన్నాయి. జనవరి నుంచి ఆయన లేరు.

"ఒక పక్క పట్టు, చెన్నరాయప్పా."

"యాడికమ్మా?"

"చల్లటి గదికి."

మా స్కూల్లో అలాంటిది ఒక్కటే. అడ్మినిస్ట్రేటర్ స్టాన్లీ గారి ఆఫీసు. వీణను అక్కడి సోఫా మీద పడుకోబెట్టాం.

ఆయన కుర్చీలోంచి లేచారు. "పద్మావతి మేడమ్, అది పేరెంట్స్ సోఫా!"

"తెలుసండీ. ఏసీ ఆపండి."

"ఆపాలా? కూల్‌గా ఉంటుందనే కదా తెచ్చారు?"

"ఇంత కాగిన కర్రకు ఒక్కసారిగా చలి తగిలితే పగులుతుంది. మెల్లగా చల్లారాలి."

"మేడమ్, మీ బాధ నాకు తెలుసు. బట్ ఇది స్కూల్ ప్రాపర్టీ. పాడైతే రిపేర్‌కి పంపుదాం. ఫ్రెష్‌గా మైనం వేస్తారు. కొత్తదానిలా అయిపోతుంది."

"కొత్తది అక్కర్లేదు."

"మేనేజ్‌మెంట్ డెసిషన్ మేడమ్. నా చేతిలో ఏముంది?"

"రిమోట్ ఉంది."

గుమ్మం దగ్గర చెన్నరాయప్ప గట్టిగా దగ్గాడు. ఏసీ ఆగింది.

కాసేపటికి స్టాన్లీ గారు టై వదులు చేసుకున్నారు. ఇంకాసేపటికి ఫైలుతో విసురుకోసాగారు.

"ఎంతసేపు మేడమ్?"

"మైనం గట్టిపడేదాకా."

"తర్వాత?"

"ఎండ పడని గది ఇంకొకటి చూపిస్తే అక్కడికి తీసుకెళ్తాను. షెడ్డుకు మాత్రం వెళ్ళదు. పంపాలంటే నన్నూ దానితో పంపండి. ఏడో తరగతికి లెక్కలు రేకుల కిందే చెప్తాను. పిల్లలు ఇంటికెళ్ళి ఏం చెప్పుకుంటారో మీరే ఆలోచించండి."

బెల్లు కొట్టారు.

"మీకు క్లాసుంది," అన్నారాయన ఆశగా.

"చెన్నరాయప్పా, ఏడో తరగతి పిల్లల్ని ఇక్కడికి తీసుకురా."

"మొత్తం క్లాసా? ఇక్కడికా?" స్టాన్లీ గారు నుదురు తుడుచుకున్నారు. "లైబ్రరీలో... ఉత్తరం గోడ పక్కన చోటుంది. ఎండ రాదు. పర్మనెంట్‌గా అక్కడే పెట్టుకోండి."

"మంచిది. రేపు తీసుకెళ్తాను."

"రేపా?"

"పైన గట్టిపడినా లోపలి మైనం ఇంకా మెత్తగానే ఉంటుంది. ఇవాళ కదిపితే మిగతా మెట్లూ జరుగుతాయి."

మళ్ళీ గోరు ఆనించాను. ఈసారి దిగలేదు. ఒరిగిన ఆ రెంటినీ నేను సరిచేయలేదు. నాకంత చెవి లేదు. మిగిలినవన్నీ ఆయన నిలబెట్టిన చోటే ఉన్నాయి.

పిల్లలు చెప్పులు విడిచి లోపలికి వచ్చారు.

"దాన్ని ఎవరూ ముట్టుకోకండి," అన్నాను. "పుస్తకాలు తీయండి."