ఆ వణుకు ఎవరిది

ఆమె తొమ్మిదేళ్ళుగా టవర్ క్రేన్ నడుపుతోంది. రోజూ ఉదయం ఏడింటికి సంచీ భుజాన వేసుకుని, ఇనుప స్తంభం లోపలి నిచ్చెన మీద అరవై మీటర్లు ఎక్కి, పైనున్న అద్దాల క్యాబిన్‌లో కూర్చుంటుంది. అంత ఎత్తంటే భయం లేదా అని ఎవరైనా అడిగితే, కింద రోడ్డు దాటడానికే తనకు భయమని నవ్వేసేది.

అలాంటి మనిషికి ఒక సోమవారం నిచ్చెన సగంలో చెయ్యి రాలేదు. మెట్టును పట్టుకున్న వేళ్ళు విడవమంటే విడవమన్నాయి. గాలి లేదు, వాన లేదు, కాలు జారిందీ లేదు. ఉన్నట్టుండి అరచేతులు చల్లబడ్డాయి. చెవుల్లో హోరు మొదలైంది. ఆ తర్వాత ఎవరో లోపలినుంచి పిండినట్టు గొంతు బిగుసుకుపోయింది. ఇక్కడే పోతాను, నన్ను దించడానికి కూడా ఇంకో క్రేన్ కావాలి అనుకుంది. ఎంతసేపటికో వేళ్ళు వదులయ్యాయి. పైకెక్కి పని చేసింది. ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం అది మళ్ళీ వచ్చింది. బుధవారం ఇంట్లో చెప్పులు వేసుకుంటుంటేనే వచ్చింది. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, గుండె చాలా గట్టిదమ్మా అన్నాడు. మామూలు రోజుల్లో అయితే, మా ఆయన ఎప్పటినుంచో అంటున్నది అదేనండీ అని ఉండేది. ఆ రోజు చీటీ తీసుకుని వచ్చేసింది. ఒంట్లో జబ్బు ఉంటే మందుంటుంది. ఏమీ లేకుండా వచ్చేదాన్ని ఎలా ఆపాలి? కొక్కేనికి మూడు టన్నుల బరువు వేలాడుతుండగా, కింద మనుషులు తిరుగుతుండగా వస్తే?

ఆమె చేతిలో టీ గ్లాసు వణకడం చూసింది వాళ్ళ వదిన ఒక్కతే. అన్న భార్య; ఎముకల ఆసుపత్రిలో రోగుల చేత వ్యాయామాలు చేయించే ఉద్యోగం. వంటింట్లో నిలబెట్టి కూపీ లాగి, అంతా విని, రోజూ పొద్దున్నే పది నిమిషాలు ఆసనాలు, ధ్యానం చెయ్యమంది. ఆమెకు ఒళ్ళు మండింది. భర్త రొట్టెల బట్టీలో పనికి నాలుగింటికే వెళ్ళిపోతాడు. ఆరేళ్ళ కొడుకును లేపాలి, వాడి రెండో బూటు వెతకాలి, అత్తగారి కళ్ళలో చుక్కలు వెయ్యాలి, టిఫిన్ డబ్బాలు కట్టాలి. పది నిమిషాలు ఎక్కడినుంచి ఊడిపడతాయని అడిగింది.

"పది లేకపోతే రెండు. బట్టల మెషిన్ తిరిగేటప్పుడు దాని ముందు నిలబడి ఉత్తినే చూస్తుంటావు కదా, ఆ రెండు నిమిషాలు నాకివ్వు," అంది వదిన.

మర్నాడు మెషిన్‌కూ గోడకూ మధ్య తువ్వాలు పరిచి, నాలుగుసార్లు వంగి లేచి, కూర్చుని కళ్ళు మూసింది. మూసీ మూయగానే కింద నేల లేదు. అరవై మీటర్ల గాలి ఉంది. గోడ పట్టుకుని లేచి వాకిట్లోకి పరిగెత్తింది. వదినకు ఫోన్ చేసి, నీ యోగాకో దండం, ఉన్న భయం చాలదని కొత్తది తెచ్చిపెట్టావని ఏడ్చింది.

"కళ్ళు మూయమని నేను చెప్పానా? తెరిచే కూర్చో. భయం వస్తే లేవకు, తరమకు. ఏది ముందొస్తుందో, ఏది తర్వాతో చూడు. ఊపిరి వదిలేటప్పుడు మాత్రం ఆరు లెక్కపెట్టు."

అలా మొదలైంది. మెషిన్ తలుపు వైపు చూస్తూ, తిరిగే చొక్కాల మధ్య ఊపిరి లెక్కపెట్టేది. వారంలో మూడు రోజులు తప్పేవి. ఆమె చేతులూ మోకాళ్ళూ నేలకానించి వీపు విల్లులా పైకెత్తితే, కొడుకు వచ్చి గుర్రమెక్కినట్టు ఎక్కేవాడు. అత్తగారు, కోడలు దేనికోసమో మొక్కుకుందని, అదేదో తనకు చెప్పడం లేదని పొరుగింటికి మోసింది. రెండు నిమిషాలు నాలుగయ్యాయి. ఆరో వారానికి తొమ్మిది దాకా వచ్చాయి. భయం మాత్రం రోజూ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఒకే దారిన వచ్చేది. ముందు అరచేతులు, తర్వాత చెవులు, ఆ తర్వాత గొంతు. పోయేటప్పుడు గొంతు నుంచి వెనక్కి పోయేది. నిచ్చెన మీద కూడా అంతే. ఆగి, ఆరు లెక్కపెట్టి, మళ్ళీ ఎక్కేది.

ఏడో వారం, ఒక మధ్యాహ్నం. కాంక్రీటు గోడ పలకను పదకొండో అంతస్తుకు ఎత్తుతోంది. కింద నిలబడి వాకీటాకీలో సూచనలు చెప్పేది సైట్‌లో అందరూ బాబాయ్ అని పిలిచే పెద్దాయన. బరువు సగం పైకొచ్చేసరికి ఆమెకు వణుకు తెలిసింది. వచ్చేసిందిరా దేవుడా అనుకుని అరచేతుల కోసం చూసుకుంది. వెచ్చగా ఉన్నాయి. చెవుల్లో హోరు లేదు. గొంతు బిగియలేదు. అయినా తొడల కింద, వీపు వెనక ఏదో సన్నగా అదురుతోంది. ఆరు లెక్కపెడుతూ ఊపిరి వదిలింది. అదురు తగ్గలేదు. క్రేన్‌ను జానెడు తిప్పి చూస్తే పెరిగింది.

వణుకుతున్నది తను కాదు. కుర్చీ.

అప్పుడు వచ్చింది అసలు భయం, అరచేతులు, చెవులు, గొంతు, మూడూ ఒకేసారి. ఆమె వాకీటాకీ నొక్కింది.

"బాబాయ్, క్యాబిన్ అదురుతోంది, కింద అందర్నీ పక్కకు పంపించు. బరువు ఉన్నచోటే నిలువుగా దించేస్తున్నా."

మధ్యలో సైట్ ఇంజినీరు వాకీటాకీ అందుకున్నాడు. గాలికి అలాగే ఊగుతుందని, ఈ మధ్య మేడమ్‌కు భయం పట్టుకుందని నిచ్చెన మీద ఆగడం చూసి అందరూ అనుకుంటున్నారని, పని ఆపొద్దని అన్నాడు.

"భయం ఉంది సార్. ఇది మాత్రం అది కాదు. నేను తిప్పను," అంది.

పలకను దించడానికి ఏడు నిమిషాలు పట్టింది. ఆ ఏడు నిమిషాలూ క్యాబిన్ అద్దాలు సన్నగా గలగలలాడుతూనే ఉన్నాయి. తర్వాత నిచ్చెన. కాళ్ళ కింద ఇనుము ఎప్పుడు విరుగుతుందో తెలియకుండా, ఒక్కో మెట్టుకూ ఒక్కో ఊపిరి చొప్పున దిగింది. నేల తగలగానే ఇసుకలో కూర్చుండిపోయింది.

సాయంత్రం మెకానిక్కులు చూశారు. క్యాబిన్ కింద, క్రేన్ తిరిగే చక్రాన్ని స్తంభానికి పట్టి ఉంచే బోల్టుల్లో పదకొండు పగిలి ఉన్నాయి. ఇంకో రెండు సార్లు తిప్పి ఉంటే మొత్తం కూలేదని ఒకతను అన్నాడు. ఇంజినీరు వచ్చి ఆమె చేతికి నీళ్ళ సీసా ఇచ్చి వెళ్ళిపోయాడు.

బాబాయ్ మాత్రం పక్కనే చతికిలబడి, ఎలా కనిపెట్టావమ్మా అని అడిగాడు. రెండు నెలలుగా దాచిన మాట ఆమె అప్పుడు చెప్పింది.

"రోజూ వణుకుతూనే ఉన్నాను బాబాయ్. కూర్చుని కూర్చుని నా వణుకు ఎలా ఉంటుందో నాకు తెలిసిపోయింది."

 ఆయన, నిరుడు కొడుకుకు ప్రమాదం జరిగినప్పటినుంచి తనకూ కిందే నిలబడ్డా కాళ్ళు వణుకుతాయని, ఎవరితోనూ అనలేదని మెల్లగా చెప్పి, ఆ ఆరు ఎలా లెక్కపెట్టాలో అడిగాడు.

బోల్టులన్నీ మార్చి పరీక్షించేసరికి తొమ్మిది రోజులయ్యాయి. పదో రోజు ఆమె మళ్ళీ ఎక్కింది. సగంలో అరచేతులు చల్లబడ్డాయి. ఆగింది. చెవుల్లో హోరు వచ్చేదాకా ఉండి, పోయేదాకా ఉండి, పై మెట్టు అందుకుంది.