ఎర్రగుడ్డ కట్టిన కుండ

న్యూయార్క్ ఈస్ట్ సైడ్‌లో బెరిష్ పేరు వింటే రొట్టెల బట్టీల వాళ్ళకి నోట్లో తడారిపోయేది. వాళ్ళమ్మ సివ్యా మాత్రం కొడుకు కార్మిక సంఘంలో గుమాస్తా అనుకునేది. ఎవడివో వేళ్ళు విరిచి వచ్చి, ఆ చేతులే కుళాయి కింద కడుక్కుని, ఆవిడ వడ్డించింది బుద్ధిగా తినేవాడు. ఆవిడకి తెలియకుండా ఉంటే చాలు, లోకం ఏమనుకున్నా వాడికి పట్టదు. అదేం బుద్ధో మరి!

సంఘాన్ని నడిపే నాహుం ఇటు కార్మికుల్నీ అటు యజమానుల్నీ పీల్చి పిప్పిచేసే రకం. మామూలు ఇవ్వని వాడి బట్టీలో సమ్మె లేపుతాడు, ఇస్తే ఆపుతాడు. షాయె అనే ముసలాయన ఒక్కడే ఇవ్వనన్నాడు. కిటికీ అద్దాలు పగలగొట్టించినా దిగిరాలేదు. ఆ శుక్రవారం పొద్దున నాహుం ఒక పొట్లం తెచ్చి బెరిష్ చేతిలో పెట్టాడు. విప్పితే, వెంట్రుకలు కూడా సరిగా గీకని పంది తోలు ముక్కలు, యూదులు ముట్టరాని మాంసం.

శుక్రవారం మధ్యాహ్నం వీధిలోని యూదు ఆడవాళ్ళంతా చిక్కుడు గింజలూ, బార్లీ, మాంసమూ వేసిన కుండలు షాయెకి అప్పజెబుతారు. శుక్రవారం పొద్దుగూకగానే మొదలయ్యే సబ్బాతు, అదే యూదుల విశ్రాంతి దినాన, ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, బట్టీ వేడికి అవి రాత్రంతా ఉడుకుతాయి. శనివారం మధ్యాహ్నం వచ్చి తీసుకుపోతారు.

"కుండకో ముక్క వెయ్యి. ఇక వాడి రొట్టె ముట్టుకునే యూదు మనిషి కనబడితే నా చెవి కోసుకుంటా," అన్నాడు నాహుం.

బెరిష్ పొట్లం వెనక్కి చాపాడు. మనుషుల్ని కొట్టమంటే కొడతాను గానీ ఇది నావల్ల కాదన్నాడు.

"ఏరా, భక్తి పుట్టుకొచ్చిందా? నువ్వు కాకపోతే ఇంకొకణ్ణి పంపుతా. వాడికి మీ అమ్మ కుండేదో తెలియదు, దాంట్లోనూ వేస్తాడు."

బెరిష్ పొట్లం జేబులో పెట్టుకున్నాడు.

సబ్బాతు స్నానానికని షాయె వెళ్ళే గంట ఒకటుంది. ఆ గంటలో బెరిష్ షాయె బట్టీ ఉన్న నేలమాళిగలోకి దిగాడు. బల్లమీద ముప్ఫై ఏడు కుండలు వరసగా ఉన్నాయి. ఒక్కో మూత ఎత్తి ముక్క వేస్తూ పోయాడు. చివర్లో పిడికి ఎర్రగుడ్డ కట్టిన కుండ కనబడింది. ఆ గుడ్డ వాడి చిన్నప్పటి చొక్కాలోంచి చింపింది. దాని జోలికి పోలేదు. మిగిలిన ముక్కని మురిక్కాలవలో పారేశాక గాని వాడికి ఊపిరాడలేదు. అమ్మని కాపాడుకున్నాననే అనుకున్నాడు, తెలివితక్కువ వెధవ! తర్వాత షాయె వచ్చి, కుండలు బట్టీలోకి తోసి, దాని నోరు మట్టితో మెత్తేశాడు.

మర్నాడు మధ్యాహ్నం ఏం జరుగుతుందో చూసి రమ్మని నాహుం ఆజ్ఞ. బెరిష్ మెట్లమీద నిలబడ్డాడు. షాయె బట్టీ నోటికి మెత్తిన మట్టి పగలగొట్టి, కుండలన్నీ బల్లమీదికి దించాడు. తనది చారు పొంగి కారిందేమోనని పక్కింటి గ్నెండెల్ మూత తీసి చూసింది. చూసి, నేలమీద కూలబడింది. అంతే, అందరూ మూతలు తీశారు. ఎవరి కుండలో చూసినా ఆ తోలే. షాయె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

సివ్యా తన మూత తీసింది. గరిటె పెట్టి అడుగుదాకా కలిపి చూసింది. ఏమీ లేదు. అప్పుడు తలెత్తి మెట్లవైపు చూసింది.

బెరిష్‌కి అప్పుడు తెలిసింది తనేం చేశాడో. ముప్ఫై ఏడింటిలో ఒక్కటే శుభ్రంగా ఉంటే, అది ఎవరిదో వీధంతా చూడదూ? గ్నెండెల్ అప్పటికే లేచి, ఒక్కొక్కరి కుండలోకీ తొంగిచూస్తూ ఇటే వస్తోంది.

"నీ దాంట్లోనూ ఉందా అక్కా?"

పుట్టి బుద్ధెరిగాక పందిమాంసం ఛాయలకి పోని మనిషి సివ్యా. పక్క కుండలో చెయ్యి పెట్టింది. ఆ గోలలో ఇంకెవరూ చూడలేదు, కొడుకు తప్ప. ముక్క తీసి తన కుండలో వేసుకుంది.

"నా దాంట్లోనూ ఉందమ్మా," అంది.

కుండ అక్కడే వదిలేసి మెట్లెక్కింది. ఆవిడ దగ్గరికొస్తుంటే బెరిష్ ఒక మెట్టు కిందికి దిగాడు. ఆవిడ ఆగి, వేళ్ళకంటిన కొవ్వుని వాడి కోటు మీద ఒక్కొక్క వేలూ తుడుచుకుంది.

"ఇంటికి రాకు," అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది.