పల్లకి ముందు కొమ్ము

అరటి గెల భుజాన వేసుకుని పొలం పక్క నీటి బోదె దాటబోయిన అప్పారావుకు కాలు జారి కుడి పిక్క కలుక్కుమంది. గెల చెడలేదు గాని మనిషి గట్టు మీద చతికిలబడ్డాడు. వేణుగోపాలస్వామి కల్యాణం ఇంకా నలభై రోజులుంది. ఆ మరునాటి ఊరేగింపులో పల్లకి ముందు కొమ్ము మోసే వంతు ఇరవై యేళ్లుగా అతనిదీ, బుల్లియ్యదీ. ఇద్దరిదీ ఒకే ఎత్తు కావడం చేత స్వామి ఏ పక్కకూ ఒరగడు. ఈయేడు తన భుజం తప్పిపోతుందేమోనన్నదే అతని దిగులు.

రామచంద్రపురంలో ఫిజియోథెరపీ చేసే సారిక, కండరం కొద్దిగా చిరిగిందని చెప్పి బరువులెత్తవద్దంది. రెండు వారాలు గడిచాక, గోడ పట్టుకుని మడమలెత్తి దించడం నేర్పింది.

"పూటకి పన్నెండు సార్లండి. అంతకు మించొద్దు."

పన్నెండన్న మాట అప్పారావుకు ప్రీతికరమైంది. కేశవ, నారాయణ, మాధవ అంటూ నామానికొకసారి మడమలెత్తి, దామోదర అనగానే ఆపేవాడు. వారం తిరిగేసరికి నొప్పి తగ్గింది. దానితో అతని భక్తికి పన్నెండు చాలలేదు. ఏకాదశినాడు తలస్నానం చేసి, తులసిమాల చేతబట్టి, నూట యెనిమిదీ పూర్తిచేశాడు. మరునాడు మంచం దిగలేకపోయాడు.

"అష్టోత్తరం పూలతో చేస్తారు గాని పిక్కతో చేస్తారా?" అంది భార్య సూరమ్మ, కాలి కింద దిండు సర్దుతూ.

సారిక కోప్పడలేదు. "మందు సీసా అంతా ఒక్కసారే తాగేస్తారాండీ?"

"పుణ్యం కదా అనుకున్నానమ్మా."

"పిక్కకి పుణ్యం తెలీదండి. ఇకనైనా చెప్పినట్టు చేస్తే ఒక్క వీధి మొయ్యనిస్తాను. నాలుగు వీధులూ కాదు."

ఆ కబురు విని బుల్లియ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "ఒక్క వీధేంటి బావా, పెళ్లికొచ్చి తాంబూలం పుచ్చుకుపోయినట్టు."

"తరవాత నీ పక్కనెవరు మరి?"

"మా తమ్ముడు ఉదయ్‌కుమార్. నీకంటే అంగుళం పొడుగు. కాస్త వంగమంటాలే. వచ్చే నెల పెళ్లయ్యాక ఎలాగూ వంగాల్సిందే."

అప్పారావు నవ్వాడు గాని తన చోట మరొకడు నిలవడం అతనికి నచ్చలేదు. అయినా ఆనాటి నుండి పన్నెండుకు పదమూడు చేయలేదు.

ఊరేగింపునాడు పిక్కకు పట్టీ చుట్టుకుని కొమ్ము కింద భుజం పెట్టాడు. తొలి వీధి సునాయాసంగా సాగింది. మలుపులో పల్లకి ఆగింది. బుల్లియ్య ఓరకంట చూశాడు.

"ఇంకో వీధి మొయ్యగలవు కదా బావా?"

"మొయ్యగలను. అలా అనిపిస్తోంది కనకే తప్పుకుంటున్నాను. వచ్చేయేడు నాలుగు వీధులూ మొయ్యొద్దూ?"

ఉదయ్‌కుమార్ వచ్చి ఆ చోట నిలిచాడు. అప్పారావు పక్కకు తొలగి పల్లకి వెంట నడవసాగాడు. ముందు కొమ్ము మోసేవాడికి స్వామి ఎప్పుడూ వీపు వెనుకనే. ఇరవై యేళ్లలో ఊరేగింపు వేళ ఆ ముఖం అతడు చూసి ఎరుగడు. సాయంకాలపు ఎండ ఏటవాలుగా పడి స్వామి చెక్కిలి మెరుస్తోంది. అప్పారావు చేతులు జోడించి, చూపు మరల్చకుండా, మడమ నేలకానించి మెల్లగా అడుగులు వేశాడు.