క్రేన్ వదిన, ఆవిడ అల, నాలుగున్నర తెరచాప

పొద్దున్నే తెరచాపల కొట్టు షట్టరు ఎత్తగానే కొట్టాయన స్టూళ్ళన్నీ బల్ల మీదకి ఎక్కిస్తాడు. నేల మీద పరిచిన తెరచాపల్ని గోడ మేకులకి తగిలిస్తాడు. తర్వాత వీధిలోకి వచ్చి, "వదినొచ్చే వేళైంది, కాళ్ళు పైకి!" అని ఓ కేకేస్తాడు.

వదినంటే ఆయన పెళ్ళానికి అక్క. రేవులో క్రేన్ నడుపుతుంది. అందుకని ఊరందరికీ క్రేన్ వదినే. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. ఆవిడ తూకం మిషనెక్కితే ముల్లు ఒక చుట్టు తిరిగి మళ్ళీ మొదటికొచ్చిందని చెప్పుకుంటారు. పచ్చి అబద్ధం. రెండు చుట్లు తిరిగింది.

డ్యూటీ దిగి వదిన టీకొస్తుంది. ఆవిడ వెనకాలే అల వస్తుంది. మేడంత అని కోతలు కొయ్యను, మనిషిన్నర ఎత్తుంటుంది. మలుపు దగ్గర కాస్త ఒరిగి, సైకిళ్ళకి దారిచ్చి మరీ వస్తుంది. టైలరు కాళ్ళు పైకి పెట్టుకుని, అది దాటిపోయాక మళ్ళీ మిషను తొక్కుకుంటాడు. పాలాయన "కాస్త జరుగమ్మా" అంటే జరుగుతుంది. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ వీధి గోడలకి మోకాలెత్తున ఉన్న ఉప్పుచార నాకి చూసుకోవచ్చు.

ఆ రోజు వదిన టీ అడగలేదు.

"మరిదీ, తెరచాప చూపించు. అల మీదకి."

కొట్టాయన చేతిలో గుడ్డ జారి నీళ్ళలో పడింది. అల మీదకంటే ఒడ్డుకి అడ్డంగా పోసిన రాళ్ళ అవతలికే. రాళ్ళు దాటాలంటే అలలెక్కేవాళ్ళ క్లబ్బు ప్రెసిడెంటు ముందు పరీక్ష నెగ్గాలి. బయటికెళ్ళి, ఓ అలనెక్కి, తెరచాప బిగించిన బోర్డు మీంచి పడకుండా ఇసక దాకా రావాలి. పడితే ఇక జన్మలో రాళ్ళు దాటనివ్వడు. రెండో ఛాన్సు లేదు.

"పరీక్షెప్పుడు వదినా?"

"ఈ సాయంత్రం."

"అయ్యో, మా ఆవిడకి తెలుసా?"

"దానికి తెలిస్తే నీకు తెలీకుండా ఉంటుందా? నువ్వు చూపించు ముందు."

కొట్టాయన మూలనుంచి ఆరున్నర చదరపు మీటర్ల సైజుది లాగాడు. గట్టి బద్దలేసి, ఏనుగు చెవిలాగా ఉంది. "నీ ఒంటికి ఇదే వదినా. దీనికంటే చిన్నదైతే గాలి నిన్ను లాగలేక దండం పెట్టేస్తుంది."

గుమ్మంలో నించున్న అల దాన్నోసారి చూసి, విరిగి, కొట్టాయన నెత్తిన పడింది. మళ్ళీ లేచి తన చోట తను నించుంది.

"దీనికి నచ్చలేదు," అంది వదిన.

"కొనేది నువ్వా, అదా?"

"చెప్పులు కొనేటప్పుడు కాలిని ఇంట్లో పెట్టొస్తావా?"

తల తుడుచుకుని ఆయన ఐదున్నరది తీశాడు. ఈసారి అల ఆయన్ని నడుందాకానే తడిపింది. వదిన ఆయన్ని పక్కకి తోసి, తనే గోడంతా వెతికి ఓ నాలుగున్నర దింపింది. నాలుగే బద్దలు. అంచులకి రెట్టింపు గుడ్డేసి కుట్టారు, అల విరిగి మీద పడ్డా చిరగదు. పట్టుకునే పైపు పొట్టిది, తిప్పడం తేలిక. అడుగుభాగం పైకి కోసుంది, నీళ్ళలో చిక్కుకోదు. దాన్ని కర్రకి తొడిగించి, వీధిలోకొచ్చి గాలికి ఎత్తి పట్టింది. నిండుగా ఉబ్బింది. చెయ్యి వదులు చేసింది. టక్కున చచ్చినట్టు ఊరుకుంది.

"చూశావా? గాలి నన్ను లాగాల్సింది అల దాకానే. ఎక్కాక లాగేది అల. అప్పుడు తెరచాప నోరు మూసుకోవాలి. ఎప్పుడూ వాగే మొగుడితో కాపురం చెయ్యొచ్చుగానీ, ఎప్పుడూ లాగే తెరచాపతో అల మీద చెయ్యలేం."

"మొగుళ్ళనెందుకు లాగుతావ్ మధ్యలో," అని కొట్టాయన గొణిగాడు. "అది సరే, అల దాకా వెళ్ళేదెలా? నీ కింద బోర్డు మునిగిపోతుంది."

"మునిగితే మునగనీ. నించునే మునుగుతాను."

అల వచ్చి నాలుగున్నర అంచుని మెల్లగా ఒకసారి తాకి, వదిన కాళ్ళ దగ్గర పడుకుంది. బేరం కుదిరింది.

సాయంత్రం ఇసక మీద సగం ఊరుంది. మిగతా సగం ఇళ్ళ కప్పులెక్కింది. ప్రెసిడెంటుగారు ఎప్పటిలాగే నిచ్చెనంత ఎత్తున్న కుర్చీలో, మెడలో ఈలేసుకుని కూర్చున్నారు. ఎంతమందినో ఆ కుర్చీలోంచే ఫెయిల్ చేసేశారాయన. ఆయన మాత్రం రాళ్ళు దాటగా చూసినవాళ్ళు లేరు. అడిగే దమ్మూ ఎవరికీ లేదు.

"ఏంటమ్మా ఆ చేతిరుమాలు?" అన్నారు తెరచాపని చూసి.

"పరీక్షయ్యాక మీ మొహం తుడుచుకోడానికిస్తా లెండి," అంది వదిన.

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు. "నీ ఒంటికి ఆరున్నర కావాలి. పడ్డావో, నీ రేవులో నువ్వు, నీ క్రేన్‌లో నువ్వు. మళ్ళీ నాకు కనపడకు."

వదిన బోర్డెక్కింది. మరిది చెప్పినట్టే బోర్డు మునిగింది. పాదాలు, మోకాళ్ళు, తర్వాత నడుము. సముద్రంలో ఓ ఆడమనిషి, చేతిలో ఓ తెరచాప, కింద ఏమీ లేదు. ప్రెసిడెంటుగారు ఈల నోట్లో పెట్టుకున్నారు.

"ఊదకండి! పడ్డానా? నించునే ఉన్నా కదా!"

ముందే వెళ్ళి రాళ్ళ అవతల కాసుకునున్న వదిన అల ఇది చూసి ఆగలేకపోయింది. ఆవిణ్ణి ఎక్కించుకుందామని గబగబా ఇటు బయల్దేరింది.

"అక్కడే ఉండు!" అని వదిన ఒక్క గసురు గసిరింది. "నువ్వొచ్చి ఎత్తుకెళ్తే సవారీ కాదే, ఊరేగింపు! నేనే వస్తా."

అల తలొంచుకుని వెనక్కి పోయింది. వదిన తెరచాపని విసనకర్రలా విసరడం మొదలెట్టింది. ఇనప పెట్టెలెత్తే చేతులవి. గాలి ఎంతిస్తే అంత, ఇవ్వకపోతే గుంజుకుని. బోర్డు వేలెడు లేచింది. జానెడు లేచింది. రాళ్ళ పక్కనించి జారుకుంటూ అవతలికి పోయింది. ఒడ్డున టైలరు ఊపిరి బిగబట్టి, వదలడం మర్చిపోయి, నీలంగా అయిపోయాడు. వాళ్ళావిడ వీపు మీద చరిచాక వదిలాడు.

అవతల వదిన తిరిగింది. అల లేచింది. ఆవిడ దాని భుజం మీదికెక్కి చెయ్యి వదులు చేసింది, తెరచాప నోరు మూసుకుంది. ఇక చూడండి, కిందకి జారడం, అడుగున మెలి తిరగడం, మళ్ళీ పైదాకా పోయి నురగని చీల్చడం. ఆ ఒళ్ళు ఆ అల మీద ఈకయిపోయింది. ఆరున్నరైతే ఆ మలుపులోనే ఎత్తి రాళ్ళ మీద కొట్టుండేది.

ఇసక దాకా వచ్చింది. పడలేదు. అల కూడా విరగలేదు. ప్రెసిడెంటు కుర్చీ ముందుకొచ్చి నిటారుగా నించుండిపోయింది. దాని నెత్తిన వదిన, సరిగ్గా ఆయన కళ్ళకెదురుగా.

ఆయన గొంతు సవరించుకున్నారు. "తెరచాప సైజు తప్పు. ఈ పరీక్ష చెల్లదు. దిగు."

"దిగను."

"దిగమంటున్నా!"

"మీరు చెల్లుతుందనేదాకా ఇక్కడే. ఎత్తులో కూర్చుని టిఫిను తినడం నా ఉద్యోగమండీ."

కూర్చుంది. మరిది వెదురుకర్ర చివర టీ ఫ్లాస్కు కట్టి పైకందించాడు. అటుపక్కనించి చెల్లెలు, "నాకు చెప్పకుండా ఎక్కుతావా, దిగు నీ పని చెప్తా!" అని అరుస్తూనే రొట్టెముక్క విసిరింది. ఈల మోగింది, మోగింది, మోగి మోగి గింజ ఊడిపడింది. అల అలాగే ఉంది. వదినా అలాగే ఉంది. జనం ఇళ్ళకి పోకుండా ఇసకలో చతికిలబడ్డారు.

పొద్దు వాలుతోంది. ప్రెసిడెంటుగారు ఎటు చూసినా ఆవిడే ఉంది. చాలాసేపటికి, ఇంకెవరికీ వినపడకుండా అడిగారు.

"అమ్మాయ్... అవతల ఎలా ఉంటుంది?"

వదిన టీ తాగడం ఆపింది. అప్పటిదాకా నోటికొచ్చినట్టు పేలిన మనిషి, ఈ ఒక్కసారి పేల్లేదు. కాస్త పక్కకి జరిగింది.

"చెప్తే తెలీదండీ."

అల ఓ భుజం కుర్చీ దాకా వంచింది. ఆయన బూట్లు విప్పారు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. మెడలో ఈల తీసి కుర్చీ చేతికి తగిలించి, గడప దాటినట్టు దాటి, ఆవిడ వెనక నించున్నారు. అల మెల్లగా వెనక్కి తిరిగింది.

ఇంతకీ ఆవిడ నెగ్గినట్టు ఆయన ఒప్పుకున్నారా అంటారేమో. ఆ పూట ఆయన నోట్లోంచి ఊరు విన్నది ఒకే ఒక్క మాట. అదీ రాళ్ళ అవతలనించి, గొంతు చించుకుని.

"మళ్ళీ!"