మూడు పటాలకు లామినేషన్

శనివారం ఉదయం 11 గంటల 40 నిమిషాలకు వనపర్తిలోని ఒక జిరాక్స్ షాపులో, 1851లో లండన్‌లో అచ్చయిన నైజాం రాజ్యం పటాన్ని లామినేషన్ మిషన్‌లో పెట్టారు. నిమిషం లోపే అది అవతలి వైపు నుంచి బయటికి వచ్చింది.

పటం నిషాత్‌ది. ఆమెకు అరవై రెండేళ్లు. గద్వాలలో ప్రభుత్వ పాఠశాలలో సోషల్ టీచరుగా చేసి నిరుడు రిటైరయింది. ఇరవై రెండేళ్లుగా విక్టోరియా రాణి కాలం నాటి పటాలు సేకరిస్తోంది. అన్నీ కాదు, అంచుల్లో బొమ్మలున్నవి మాత్రమే. ఆ కాలంలో లండన్ అచ్చువాళ్లు పటం చుట్టూ తీగలు, మూలల్లో ఓడలు, ఏనుగులు, కోటలు వేసేవారు. అచ్చయ్యాక సరిహద్దుల వెంట కుంచెతో రంగు అద్దేవారు. నిషాత్ దగ్గర అలాంటివి ముప్పై ఒకటి ఉన్నాయి. కొన్ని హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికాయి. నైజాం పటం కోసం పదకొండేళ్లు వెతికింది.

ప్రదర్శనకు ఆమె పటాలు అడిగిన మనిషి ప్రేమ్ కుమార్. ఒకప్పుడు ఆమె దగ్గర పదో తరగతి చదివాడు. ఇప్పుడు వనపర్తిలో లెక్చరర్. స్నేహితులతో కలిసి పాలమూరు చరిత్ర మిత్రులు అనే సంఘం నడుపుతున్నాడు. ఆదివారం ఒక ఫంక్షన్ హాలులో సంఘం ప్రదర్శన పెట్టింది. గురువారం అతను గద్వాల వచ్చి నాలుగు పటాలు తీసుకున్నాడు. గాజు ఫ్రేముల్లో పెడతానన్నాడు. రసీదు మీద నిషాత్ రెండు వాక్యాలు రాసింది: "జాగ్రత్తగా చూసుకోవాలి. ఆదివారం సాయంత్రం తిరిగి ఇవ్వాలి." లామినేషన్ వద్దని రాయలేదు. అలా రాయాల్సి ఉంటుందని ఆమెకు తట్టలేదు.

11:52కు ప్రేమ్ కుమార్ ఆమెకు ఒక ఫొటో పంపాడు. పటం మీద ట్యూబ్‌లైట్ వెలుగు పడి గద్వాల కనిపించలేదు. ఆమె ఫోన్ చేసింది.

"మేడం, ఫొటో చూసిండ్రా? ఎట్లున్నది?"

"ఏంది ప్రేమ్, దాని మీద గట్ల మెరుస్తున్నది?"

"లామినేషన్ మేడం. నాలుగిట్ల అదే మంచిదని ముందుగల్ల దాన్నే చేయించిన. ఇంక వందేండ్లు ఫికర్ లేదు."



"మిగిలిన మూడు యాడున్నయి?"

"షాపుల్నే ఉన్నయి. ఒక్కొక్కటి చేస్తుండు. నేను హాలు కాడికొచ్చిన."

"ఆపు. ఇప్పుడే ఫోన్ చేసి ఆపు."

"పరేషాన్ గాకండ్రి మేడం, కండ్లతోని చూస్తే మీకే..."

"ఆపుమంటున్న గదా!"

"సరే మేడం. చెప్త."

కాల్ 11:58కు ముగిసింది. తర్వాత ఆమె తొమ్మిదిసార్లు ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు. ఫొటో మూలలో షాపు బోర్డు సగం కనిపిస్తోంది. పేరు తిరుపతయ్య జిరాక్స్. నంబరు ఫొటోలో పడలేదు.

12:20 బస్సులో నిషాత్ వనపర్తి బయల్దేరింది. బస్సులోంచి హైదరాబాద్‌లో అరవింద్ అనే అతనికి ఫోన్ చేసింది. పాత కాగితాలు బాగుచేయడం అతని పని. అతను ముందు ఒకటి అడిగాడు, వేడి మిషన్‌తో చేసిందా అని. అవునంది.

"అయితే విప్పే ప్రయత్నం చేయకండి. జిగురు కాగితంలోకి దిగిపోయి ఉంటుంది. ప్లాస్టిక్ లాగితే రంగూ దాంతోపాటే వస్తుంది. మిగిలినవి ఆపగలరా?"

"అందుకే పోతున్న."

శనివారం పెబ్బేరు సంత. పశువులను ఎక్కించిన డీసీఎం వ్యాన్లు రోడ్డుకు అడ్డంగా తిరుగుతుంటే బస్సు ముప్పై ఐదు నిమిషాలు ఆగింది. నిషాత్ రెండుసార్లు లేచి డ్రైవర్ దగ్గరికి వెళ్లింది. "ఎద్దుల మీదికెంచి పోనియ్యాల్నా అమ్మా?" అని డ్రైవర్ అడిగాడు. ఆమె వచ్చి కూర్చుంది. పక్క సీట్లో భీమమ్మ అనే ఆమె ఉంది. మనవరాలి దగ్గరికి పోతోంది.

"ఏందమ్మా, ఊకె ఫోన్ చేస్తున్నవు? ఇంట్ల ఎవలికన్న బాగలేదా?"

"నా కాయితాలు ఖరాబ్ చేస్తుండ్రు."

"పట్టా కాయితాలా?"

"కాదు. పటాలు. పాతయి."

"ఏం చేస్తుండ్రు?"

"లామినేషన్."

భీమమ్మ నవ్వింది. "అయ్యో, గదా! మా పాసుబుక్కు, పెద్దపిల్ల మెమోలు, మా ఆయన సచ్చిపోయిన సర్టిఫికెట్టు, అన్నిటికి చేయిస్తిమి. నీళ్లల్ల పడ్డా ఏం గాదు. గీనికి ఏడుస్తవేందమ్మా?"

"నేను ఏడుస్తలేను."

"మరి కండ్లేంది గట్ల ఎర్రగున్నయి?"

"కోపం."

భీమమ్మ కొంచెం పక్కకు జరిగింది.

2:10కి నిషాత్ వనపర్తిలో దిగింది. బస్టాండులో అడిగితే షాపు చూపించారు. తిరుపతయ్య కౌంటర్ వెనక నిలబడి ఉన్నాడు. నాలుగో పటం, సింహళం, బల్ల మీద పరిచి ఉంది. అతని చేతిలో తడి గుడ్డ ఉంది.

"తియ్యి! చెయ్యి తియ్యి!"

అతను చెయ్యి తీశాడు. "ఎవరమ్మా నువ్వు?"

"ఇవి నావి. ప్రేమ్ కుమార్ నీకు ఫోన్ చెయ్యలేదా?"

"సారా? పొద్దున ఇచ్చిపోయిండు. మళ్ల ఫోన్ రాలే. ఏమైంది?"

"ఆ గుడ్డేంది?"

"దుమ్ముంటే లోపట బుడగలొస్తయమ్మా. జర తుడుద్దామని."

సింహళం పటం కుడి మూలలో బొటనవేలంత తడి మచ్చ ఉంది. ఆమె పటాన్ని బల్ల మీద నుంచి తీసి తన సంచిలో ఉన్న రెండు అట్టల మధ్య పెట్టింది. తర్వాత మిగతా మూడు చూసింది. నైజాం పటం, ప్రపంచ పటం ప్లాస్టిక్‌లో ఉన్నాయి. దక్షిణ ఇండియా పటం కూడా ప్లాస్టిక్‌లోనే ఉంది. కాని దానికి అంచులు లేవు.

"దీని చుట్టున్నది ఏది?"

"కవర్ల పట్టలే. రెండు వేళ్ల మందం ఎక్కువైంది. కట్టర్‌తోని తీసేసిన."

"తీసేసినవా?"

"చుట్టూ బొమ్మలే గదమ్మా. ఊరి పేరు ఒక్కటి గూడ పోలే. చూసుకో కావాలంటే."

"ఆ బొమ్మల కోసమే కొన్నరా నాయినా దాన్ని! ఊర్ల పేర్లు నాకు రావా?"

తిరుపతయ్య కౌంటర్ కింది అట్టపెట్టె చూపించాడు. దాంట్లో పాడైన జిరాక్సులు, ఆధార్ కాపీల ముక్కలు ఉన్నాయి. నిషాత్ నేల మీద కూర్చుని పెట్టెను బోర్లించింది. నాలుగు అంచులూ దొరికాయి. వాటిలో ఒక అంచు రెండు ముక్కలైంది. ఏనుగు ఉన్న మూల మడత పడింది. తిరుపతయ్య కూడా కూర్చుని వెతికాడు.

2:50కి ప్రేమ్ కుమార్ వచ్చాడు. తిరుపతయ్యే పిలిపించాడు.

"ఫోన్ తియ్యి," అంది నిషాత్.

"మేడం, ముందు మీరు కూసోండ్రి, చాయ్..."

"ఫోన్ తీసి చూపియ్యి. పన్నెండు గంటల నుంచి ఇతనికి ఎన్నిసార్లు చేసినవో చూపియ్యి."

అతను ఫోన్ తియ్యలేదు. "చెయ్యలే మేడం. చూసినంక మీరే ఖుషీ అయితరనుకున్న."

"ఆపుమన్న. సరేనన్నవు."

"మీరు జాగ్రత్తగ చూసుకో అని రాసిండ్రు గదా! జాగ్రత్త అంటే ఇంకేంది మేడం? మా నాయిన పట్టా కాయితం చెదలు తిన్నది. నాలుగేండ్లు ఆఫీసు చుట్టు తిరిగిండు. చెప్పులరిగినయి. ఆఖరికి భూమి పక్కోని పేరు మీద పడ్డది. లామినేషన్ చేయించి ఉంటే మా భూమి మాకుంటుండె. మీ మీద గౌరవంతోనే చేయించిన. ఇప్పుడు దొంగను నిలబెట్టినట్ల నిలబెడ్తుండ్రు."

"మీ నాయిన కాయితం ఎవరన్న అడగకుంట కోస్తే నువ్వేం చేస్తుంటివి?"

అతను ప్లాస్టిక్ పటాలను ఒకదాని మీద ఒకటి సర్దాడు.

"చెప్పు. నూట డెబ్బై ఏండ్లు చెదలు తినలే, వాన తినలే. ఓడ ఎక్కి వచ్చింది. పొద్దుగాల వరకు బాగుండె. నీ చేతికి మూడు రోజులు ఇచ్చిన."

"రేపు పది గంటలకు మొదలు మేడం. కార్డులు కొట్టించిన, మీ పేరుతోని. ఏం జెయ్యాలె నేను?"

"నీకిచ్చినయి కాయితాలు. ఇవేందో నాకు తెల్వదు. ఇవి నావి కావు. పెట్టుకుంటవో పారేస్తవో నీ ఇష్టం. నా పేరు తియ్యి."

"గట్లనకండ్రి మేడం."

ఆమె అంచుల ముక్కలు సింహళం పటంతో పాటు అట్టల మధ్య పెట్టింది. రసీదు కాపీ తీసి, జరిగినదంతా దాని వెనక రాసి సంతకం పెట్టమని ప్రేమ్ కుమార్‌తో అంది. ఆమె నాలుగు వాక్యాలు చెప్పింది. ప్రేమ్ కుమార్ మూడు వాక్యాలు రాశాడు. ఆపమన్న తర్వాత ఆపలేదనే వాక్యం దగ్గర పెన్ను కింద పెట్టేశాడు. కిందున్న చోట తిరుపతయ్య రాశాడు: "నాకు ఫోన్ రాలేదు." సంతకం పెట్టి, షాపు ముద్ర వేశాడు.

"నీ గిరాకీ నాకొద్దు సార్ ఇంక," అని ప్రేమ్ కుమార్‌తో అన్నాడు.

నిషాత్ 3:40 బస్సులో గద్వాల వెళ్లింది.

ఆదివారం ఉదయం పది గంటలకు ప్రదర్శన మొదలైంది. మూడు పటాలనూ గోడకు తగిలించారు. ఒక్కోదాని కింద అచ్చు కార్డు ఉంది. పటం పేరు, సంవత్సరం, సేకరించినవారు అని మూడు వరుసలు. మూడో వరుస మీద మూడు కార్డులకూ తెల్ల కాగితం అతికించి ఉంది.